దబ్వాలీలో జోంగా బేరం

భటిండా స్టేషన్లో దిగేసరికి ఉదయం ఏడున్నర. జనవరి నెల. పొగమంచులో ప్లాట్‌ఫాం చివర కూడా కనపడటం లేదు. బాబాయి మఫ్లరు బిగించుకుని, "ముందు టీ తాగుదాం రా. మనం కొనబోయే జీపు ఎక్కడికీ పోదు" అన్నాడు. అక్కణ్ణుంచి మండీ దబ్వాలీకి బస్సులో నలభై కిలోమీటర్లు. కిటికీ పక్కన ఆవచేలు మంచులోంచి ఒక్క క్షణం పసుపుగా మెరిసి మళ్ళీ మాయమవుతున్నాయి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. నాన్న, బాబాయి ఇద్దరూ ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్లుగా చేశారు. నాన్న జోంగా అనే ఆర్మీ జీపు బానెట్‌కి ఆనుకుని నిలబడ్డ ఫొటో మా ఇంట్లో గోడమీద ఉంది. ఆయన పోయి ఆరేళ్ళు. అలాంటి బండి ఒకటి మా వాకిట్లో ఉండాలని అప్పటి నుంచీ నా కోరిక.

జోంగా అంటే నిస్సాన్ పాట్రోల్ అనే జపాన్ జీపు నమూనా మీద జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైన బండి. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అనే పేరులోని ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిపితే వచ్చిందే ఆ మాట. ఇంజను 3956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోలు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అందుకే ఆర్మీ వేలాల్లో కొన్నవాళ్ళు చాలామంది ఆ ఇంజను దింపేసి డీజిల్ ఇంజను ఎక్కించుకున్నారు. నాకు మాత్రం అసలు ఇంజనే కావాలి. నాన్న విన్న చప్పుడు అదే కదా.

దబ్వాలీ హర్యానాలో సిర్సా జిల్లాది, సరిగ్గా పంజాబ్ సరిహద్దు మీద ఉంది. పాత జీపులు విప్పి మళ్ళీ కట్టడంలో ఈ ఊరికి పెద్ద పేరు. మేం వెళ్ళిన యార్డు సర్దార్జీ మర్యాదస్తుడు. ముందు టీ తెప్పించి, తర్వాత తళతళలాడే ఆకుపచ్చ జోంగా దగ్గరికి తీసుకెళ్ళాడు. ధోనీ కూడా 2019లో ఇలాంటిదే కొన్నాడని చెప్పాడు. నా మనసు ఆగలేదు, అక్కడికక్కడే డబ్బు తీసి ఇచ్చేద్దామనిపించింది.

బాబాయి ఏమీ మాట్లాడలేదు. ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని మడ్‌గార్డు మీద జరుపుకుంటూ పోయాడు. రెండుచోట్ల అది పట్టుకోకుండా జారిపోయింది. అంటే రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత బండి కిందకి దూరి, చిన్న సుత్తితో ఛాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం, పొడవునా కొట్టుకుంటూ వచ్చాడు. ఖణ్, ఖణ్, ఖణ్. వెనక కమాన్ల దగ్గర మాత్రం డబ్ మని వినిపించింది. అక్కడ వేలితో గీకితే నల్లటి పూత ఊడి, దాని కింద అతుకు వేసిన ప్లేటు, ప్లేటు అంచుల్లో తుప్పు. "రంగు చూసి కొనకూడదురా, చప్పుడు విని కొనాలి" అన్నాడు లేచి మట్టి దులుపుకుంటూ.

ఇంకా పెద్ద సమస్య కాగితాల్లో ఉంది. ఆర్సీలో పెట్రోలు అని రాసుంది, బానెట్ తెరిస్తే డీజిల్ ఇంజను. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఇలాంటి బండికి వేరే రాష్ట్రానికి మార్చుకునే ఎన్‌ఓసీ పత్రం తీసుకుని ఆంధ్రాకి తెస్తే ఆర్టీవో ఆఫీసు దగ్గరే ఆగిపోతుంది. పక్కన ఇంకొకటి చూపించారు, అది ఇంకా రిజిస్టరే కాలేదు. వేలంలో వచ్చిన ఆర్మీ బండికి మొదటి రిజిస్ట్రేషన్ కావాలంటే సైన్యం ఇచ్చిన అమ్మకపు పత్రం, ఫారం 21, ఒరిజినల్ ఉండాలి. వీళ్ళ దగ్గర జిరాక్సే ఉంది. దాన్నీ వదిలేశాం.

మూడోది మూలన రేకుల షెడ్డు కింద ఉంది. రంగు వెలిసిపోయింది. పొరలు లేచిన చోట పాత ఆర్మీ పచ్చ కనిపిస్తోంది. ముందు నంబరు ప్లేటు పక్కన, ఆర్మీ నంబర్లలో ఉండే పైకి చూసే బాణం గుర్తు లీలగా మిగిలింది. ఛాసిస్ నంబరు బ్రష్‌తో రుద్ది, ఫోన్ లైటు వేసి ఒక్కొక్క అంకే ఆర్సీతో పోల్చుకున్నాం. అంకెల చుట్టూ గ్రైండరు గీతలు లేవు, అంటే పాత నంబరు చెరిపి కొత్తది కొట్టలేదు. ఇంజను నంబరు కూడా కలిసింది. అసలు పెట్రోలు ఇంజనే.

సర్దార్జీ స్టార్ట్ చేయబోతుంటే బాబాయి ఆపి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. మేం రాకముందే ఎవరో తిప్పారు. వేడి ఇంజను ఎవరికైనా స్టార్టవుతుంది, రోగం బయటపడేది చల్లగా ఉన్నప్పుడే. "రేపు పొద్దున్నే వస్తాం, ఈలోగా ముట్టుకోవద్దు" అని హిందీలో చెప్పాడు. ఆ రాత్రి లాడ్జిలో నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. బాబాయి మాత్రం రెండు రజాయిలు కప్పుకుని హాయిగా పడుకున్నాడు.

పొద్దున్న ఆరున్నరకి బానెట్ మంచుగడ్డలా ఉంది. చోక్ లాగి సెల్ఫ్ కొట్టాడు. రెండుసార్లు మూలిగి మూడోసారికి అందుకుంది. కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోయింది, ఇంజను ఆయిల్ తాగుతోందని చెప్పే నీలం పొగ లేదు. ఆయిల్ మూత తీస్తే, నీళ్ళు కలిశాయని చెప్పే మీగడలాంటిదేమీ లేదు. ముందు చక్రం జాకీ ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. ముందు చక్రం అటూ ఇటూ తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు మార్చాలి. కుడి చక్రం లోపలివైపు నుంచి ఆయిల్ కారుతోంది, సీలు పోయింది. బాబాయి వీటిని పెద్దగా పట్టించుకోలేదు. విడిభాగాలు ఈ ఊళ్ళోనే దొరుకుతాయి, వాటి ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు.

తర్వాత యార్డు వెనక ఇసుక గుట్ట మీదకి తీసుకెళ్ళాడు. ఫోర్ వీల్ గేరు వేసి, లో రేంజిలో, యాక్సిలరేటరు దాదాపు తొక్కకుండానే ఎక్కించాడు. ముందు చక్రాలు ఇసుకని తవ్వుకుంటూ పైకి లాగుతుంటే, డెబ్బై ఏళ్ళ మనిషి సీట్లో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆ ఆరు సిలిండర్ల చప్పుడు మెత్తగా, బరువుగా ఉంది. నేను ఫోన్లో రికార్డు చేయాలనుకుని మర్చిపోయాను.

రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి తెచ్చాక, దిగి నాలుగు చక్రాల నడుమ ఉండే హబ్బుల మీదా వరసగా చెయ్యి పెట్టి చూశాడు. లోపల బేరింగు పాడైతే అవి వేడెక్కిపోతాయి. చివరిది, ఎడమవైపు ముందుది. అక్కడ చాలాసేపు అరచెయ్యి తియ్యలేదు.

"వేడి లేదురా. గోరువెచ్చగా ఉంది" అన్నాడు. "అడ్వాన్సు ఇచ్చెయ్. మిగతాది ఎన్‌ఓసీ చేతికొచ్చాకే."