అమెరికా రాజ్యాంగం మన పిల్లలను ఎంతవరకు కాస్తుంది

కడప కోర్టులో భూముల దావాలు చూసుకునే నా దగ్గరికి అమెరికా చట్టం గురించి అడగడానికి జనం రావడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. పొలం భాగపరిష్కారం పని మీద వచ్చినవారు దస్తావేజులు సంచిలో సర్దుకున్నాక కాసేపు అక్కడే కూర్చుని, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు సంగతి ఎత్తుతారు. ఈమధ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇలా అడిగారు: “సార్, ఆడ పోలీసులు మావాణ్ణి నిలబెట్టి ఏమన్నా అడిగితే వాడు నోరు తెరవకుండా ఉండొచ్చునా? వాడికి ఇంకా సిటిజన్‌షిప్ రాలేదు గదా.”

ఉండవచ్చు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టరాదన్న అమెరికా రాజ్యాంగపు అయిదో సవరణ అక్కడి పౌరులకే పరిమితం కాదు. కస్టడీలోకి తీసుకున్న మనిషిని ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు అతనికి ఉన్నాయని చెప్పి తీరాలని 1966లో మిరాండా తీర్పు నిర్దేశించినప్పుడు కూడా పాస్‌పోర్టు రంగును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అయితే కారు నడిపేవాడు లైసెన్సు చూపవలసిందే. 18 ఏళ్లు నిండిన విదేశీయుడు తన నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలన్న ఫెడరల్ చట్టమూ ఉన్నది. కాగితం చూపడం వేరు, అడిగినదానికల్లా జవాబు చెప్పడం వేరు.

ఇక్కడ మన రాజ్యాంగాన్ని పక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. మనం వాక్స్వాతంత్ర్యాన్ని 19వ అధికరణంలో పౌరులకే ఇచ్చుకున్నాము. సమానత్వాన్ని చెప్పే 14, ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడే 21 మాత్రం ఈ నేల మీద నిలబడిన ప్రతి మనిషికీ వర్తిస్తాయి. 1791 డిసెంబరు 15న ఆమోదం పూర్తయిన అమెరికా మొదటి సవరణలో అటువంటి విభజన కనిపించదు. మాట్లాడే హక్కు ఫలానావారికి ఇస్తున్నామని చెప్పే బదులు, దానిని కుదించే చట్టం చేయరాదని ఆ సవరణ అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చేతులనే కట్టేసింది. రాష్ట్రాల చేతులు కట్టడానికి మరి కొన్ని దశాబ్దాలు, ఒక అంతర్యుద్ధం, 1868 నాటి పద్నాలుగో సవరణ కావలసివచ్చాయి.

చట్టం ముందు సమాన రక్షణను హామీ ఇచ్చే ఆ పద్నాలుగో సవరణ ఎవరికి వర్తిస్తుందో తేల్చిన కేసు ఒక బట్టలుతికే దుకాణానిది. శాన్ ఫ్రాన్సిస్కో నగరపాలకులు 1880లో ఒక నిబంధన చేశారు: ఇటుకతోనో రాతితోనో కట్టని భవనంలో లాండ్రీ నడపాలంటే తమ అనుమతి ఉండాలి. చదవడానికి అగ్నిప్రమాదాల భయంతో చేసినట్టే ఉంటుంది. ఊరిలో ఉన్న సుమారు 320 లాండ్రీలలో దాదాపు 310 కొయ్య కట్టడాలే. సుమారు 240 చైనావారివి. అనుమతి అడిగిన చైనావారు సుమారు 200 మందికి లేదు పొమ్మన్నారు. చైనావారు కాని 80 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. ఇక్ వో అనే ఆయన అదే చోట 22 ఏళ్లుగా దుకాణం నడుపుతున్నాడు, అగ్నిమాపక అధికారుల పత్రం కూడా ఆయన దగ్గర ఉన్నది. అయినా 10 డాలర్ల జరిమానా వేసి, కట్టనందుకు జైలుకు పంపారు. చైనావారికి అమెరికా పౌరసత్వం ఇవ్వరాదని చట్టం చెప్పే రోజులవి. అటువంటి మనిషి పక్షాన 1886లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: సమాన రక్షణ ఆ దేశంలో ఉన్న ప్రతి వ్యక్తిదీ, చట్టం పైకి ఎంత నిష్పక్షపాతంగా కనిపించినా, దానిని అమలుచేసే చెయ్యి పక్షపాతం చూపితే అది చెల్లదు. మన రెవెన్యూ కార్యాలయాల మెట్లు ఎక్కిదిగినవారికి ఆ రెండో మాట మరింత బాగా అర్థమవుతుంది.

కథ అక్కడితో ముగిసి ఉంటే పెద్దాయనకు నిశ్చింతగా ఉండమనేవాణ్ణి. అదే కోర్టు ఏడేళ్ల తరువాత, 1893లో, ఫాంగ్ యూ టింగ్ కేసులో విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేయడం శిక్షే కాదన్నది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని తీర్పు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఒక్కసారిగా పోవడం శిక్ష కాకపోతే మరేమిటి? కానీ దాని నీడ ఈనాటికీ తొలగలేదు. తీవ్ర నేరం మోపిన పేదవాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1963లో గిడియన్ తీర్పు చెప్పింది; వలస కోర్టులో నిలబడినవాడికి ఆ సౌకర్యం లేదు, తన ఖర్చుతో తానే పెట్టుకోవాలి. వారంటు లేని సోదాలను అడ్డుకునే నాలుగో సవరణ కూడా విమానాశ్రయపు తనిఖీ బల్ల దగ్గర బాగా నీరసపడుతుంది, అక్కడ ఫోను తెరవమని అడగగలరు. పౌరుణ్ణయితే ఎన్ని ప్రశ్నలు వేసినా చివరకు లోపలికి రానివ్వక తప్పదు. వీసా మీద వచ్చినవాణ్ణి అటునుంచి అటే పంపగలరు. అంటే ఆ నేల మీద నిలిచినంతకాలం హక్కులు నిజమైనవే, నిలిచి ఉండే హక్కు మాత్రం వాటిలో లేదు. మాట్లాడే స్వేచ్ఛ ఉన్నా వీసా మీద ఉన్న విద్యార్థి ఊరేగింపులో నడవడానికి వెనుకాడడం పిరికితనమని నేను అనలేను.

అక్కడ నిలిచి ఉండే హక్కు పౌరసత్వంతోనే వస్తుంది, అది మనవాళ్లకు తేలికగా దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు, శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో 1923లో పౌరసత్వం కాదన్నారు. భారతీయులకు ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. అక్కడ పుట్టిన బిడ్డ సంగతి వేరు. తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా బిడ్డ పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో తేల్చారు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు దీనిని వర్తింపజేయరాదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడితే, కొద్ది రోజుల్లోనే ఫెడరల్ న్యాయమూర్తులు దానిని నిలిపివేశారు. ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉన్నది.

అలా పౌరుడైన మనవడు తల్లిదండ్రుల స్థిరనివాసంకోసం అక్కడ పిటిషన్ పెట్టాలంటే వాడికి 21 ఏళ్లు నిండాలి. వాడు సెలవులకు కడప వస్తే ఇక్కడ విదేశీయుడే: మన 19వ అధికరణం వాడికి వర్తించదు, ఓటు లేదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, తాత పొలం వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. అందుకే విల్లు రాయించుకోవడానికి వచ్చినవారిని మనవడి పాస్‌పోర్టు ఏ దేశానిదని ముందుగా అడుగుతున్నాను.