నెగెటివ్ రిపోర్టు వచ్చినా తగ్గని భయం

ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్షను ఉచితంగా, గోప్యంగా చేసి, పరీక్షకు ముందూ తరువాతా మాట్లాడి పంపే కేంద్రంలో, నేను చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. అక్కడ నాకు పదే పదే కనిపించిన విషయం ఒకటుంది. భయంతో నిద్ర మాని వచ్చేవారిలో చాలామందికి ప్రమాదం దాదాపు లేదు. నిజంగా పరీక్ష అవసరమైనవారిలో చాలామంది ఆ గుమ్మం తొక్కడానికే జంకుతారు. ఈ రెండు రకాల వారికీ కావలసింది సరైన సమాచారమే అయినా, మొదటి రకం వారికి సమాచారం ఒక్కటే చాలదు.

డిగ్రీ చదివే ఒక అబ్బాయి గుర్తొస్తున్నాడు. సెలూన్‌లో గడ్డం చేయించుకుంటుండగా మెడ దగ్గర చిన్న గాటు పడింది. ఆ తరువాత రెండు మూడు ల్యాబుల్లో పరీక్ష చేయించుకున్నాడు, అన్నింటిలోనూ నెగెటివే. నాతో మాట్లాడుతున్నంతసేపూ అతని వేళ్లు దవడ కింద గ్రంథులు వాచాయేమోనని వెతుకుతూనే ఉన్నాయి. నొక్కి నొక్కి అక్కడి చర్మం ఎర్రగా కందిపోయింది. “మేడమ్, శాంపిల్ మారిపోయి ఉండొచ్చు కదా?” అని అడిగాడు. మారలేదని చెబితే, “కిట్టు పాతదై ఉండొచ్చు కదా?” అన్నాడు. నేను ఇచ్చిన ప్రతి జవాబూ అతనికి ఆ సాయంత్రం వరకే పనిచేసేది.

ముందు ప్రమాదం సంగతి చెప్పాలి. హెచ్‌ఐవీ రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారా సోకుతుంది. చెమట, కన్నీరు, ఉమ్మి, ఒకే కంచంలో తినడం, ఒకే మరుగుదొడ్డి వాడడం వల్ల సోకదు. దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్నే గాని అంతకుముందు పీల్చిన రక్తాన్ని కాదు. పైగా ఈ వైరస్ దోమలో వృద్ధి చెందదు, జీర్ణమైపోతుంది. శరీరం బయట, ఆరిపోయిన రక్తంలో, వైరస్ త్వరగా శక్తి కోల్పోతుంది. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయమని అడగడం మంచి అలవాటే, ఎందుకంటే హెపటైటిస్ బి లాంటివి అలా సోకే అవకాశం ఉంది. దానికి టీకా కూడా ఉంది, వేయించుకోండి. కానీ గడ్డం గాటును హెచ్‌ఐవీ కోణంలో తలచుకుని నెలల తరబడి కుమిలిపోవలసిన పని లేదు.

నిజమైన ప్రమాదాలకు కూడా కొలతలున్నాయి. హెచ్‌ఐవీ ఉండి చికిత్సలో లేని వ్యక్తితో కండోమ్ లేకుండా కలిసినప్పుడు, యోని సంభోగంలో ఒక్కో కలయికకు స్త్రీకి సోకే అవకాశం సగటున 10 వేలకు 8, పురుషుడికి 10 వేలకు 4. మలద్వార సంభోగంలో స్వీకరించేవారికి అది 10 వేలకు 138. సూదులు పంచుకుని మత్తుమందు ఎక్కించుకుంటే 63, ఆసుపత్రి సిబ్బందికి సూది పోటు పడితే సుమారు 23. ఇవి సగటులు మాత్రమే. ఇతర సుఖవ్యాధులు ఉన్నా, ఎదుటివారికి ఇన్‌ఫెక్షన్ కొత్తగా సోకి ఉన్నా ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, చిన్న అంకె చూసి కండోమ్ పక్కన పెట్టకూడదు. అలాంటి ప్రమాదం జరిగినప్పుడు భయపడుతూ కూర్చోకుండా, 72 గంటలు దాటకముందే, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, వైద్యుడిని కలిసి 28 రోజుల పాటు వాడే నివారణ మందుల గురించి అడగాలి. ఇక చికిత్స క్రమంగా తీసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటలపై జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో వేలాది కలయికలను పరిశీలించినా, అలాంటి భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు.

పరీక్షకూ ఒక గడువుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీతో పాటు, వైరస్‌లోని పీ24 యాంటిజెన్ అనే ప్రొటీన్‌నూ గుర్తించే నాలుగో తరం పరీక్షను ల్యాబులో చేయిస్తే, సంఘటన జరిగిన 45 రోజుల తరువాత వచ్చిన నెగెటివ్‌ను నమ్మవచ్చు. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ కిట్లకు 90 రోజులు ఆగాలి. నివారణ మందులు వాడినవారికి వైద్యుడు చెప్పిన తేదీలే లెక్క. ఆ గడువు దాటాక, కొత్త ప్రమాదమేదీ లేనప్పుడు మళ్లీ పరీక్ష చేయించడం వల్ల తెలిసేది ఏమీ లేదు.

అయినా చేయించుకుంటారు, ఎందుకంటే ఆందోళనే లక్షణాలను పుట్టిస్తుంది. తిండి సహించక బరువు తగ్గుతారు, కడుపు పాడవుతుంది, రాత్రిళ్లు చెమటలు పడతాయి, నోరు ఎండుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఇవన్నీ హెచ్‌ఐవీ లక్షణాల జాబితాలోనే కనిపిస్తాయి. పరీక్ష చేయించిన రోజు మనసు తేలికపడుతుంది. ఆ ఊరట దురదను గోకినట్టే, కాసేపట్లో భయం మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకాస్త ఎక్కువగా.

ఈ భయం అడుగున చాలాసార్లు అపరాధభావం ఉంటుంది. పెళ్లికి ముందో తరువాతో జరిగిన ఒక్క కలయికను మనసు నేరంగా లెక్కగట్టి, దానికి శిక్ష పడి తీరాలని కూర్చుంటుంది. మన దగ్గర ఈ ముడి గట్టిగానే పడింది. 2000ల తొలి ఏళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరూరా అడిగిన ప్రచారం జబ్బు పేరును ప్రతి ఇంటికీ చేర్చింది, అది మంచిదే. కానీ 2004లో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక రోగుల బతుకు ఎంత మారిందో అంత గట్టిగా ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం. ఈనాడు మందులు సకాలంలో మొదలుపెట్టి మానకుండా వాడేవారు దాదాపు అందరిలాగే నిండు జీవితం గడుపుతున్నారు. వారి పట్ల వివక్షను 2017 నాటి చట్టం నిషేధిస్తోంది.

ఆ అబ్బాయికి నేను మళ్లీ పరీక్ష రాయలేదు. “నాన్నా, నీ రక్తం బాగుంది, ఇప్పుడు వైద్యం కావలసింది ఈ భయానికి” అని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. కోపం వచ్చింది, కానీ వెళ్లాడు. ఆ చికిత్సలో అతనికి అప్పగించిన పని చూడటానికి చిన్నదే: గ్రంథులు నొక్కకూడదు, ఫోన్లో లక్షణాలు వెతకకూడదు, ఆ కోరిక పుట్టినప్పుడు దాన్ని తీర్చకుండా, అది దానంతటదే తగ్గేదాకా వేచి ఉండాలి. కొందరికి దీనితో పాటు మందులూ అవసరమవుతాయి, అందులో సిగ్గుపడవలసింది లేదు. ఇంట్లోవారికి నేను చెప్పేది ఒకటే: “నాకేమీ రాలేదు కదా?” అని పదోసారి అడిగినప్పుడు “రాలేదు” అని పదోసారి చెప్పకండి. “భయం వేస్తోంది కదా, కాసేపు నా పక్కన కూర్చో” అనండి. పరీక్షల గురించి, ఐసీటీసీ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు, మనసు కుదుటపడక సతమతమవుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే, తెలుగులో మాట్లాడవచ్చు.