డిటాక్స్ టీ మానేశాక వచ్చిన వాపు

ఆసుపత్రిలో చేరిన రోజున నా రక్తంలో పొటాషియం 2.4 ఉంది. ఉండవలసింది 3.5కి, 5కి మధ్య. కండరాలు, గుండె సరిగా పనిచేయడానికి ఈ లవణం కావాలి. ఈసీజీ కాగితం చూడగానే డాక్టరు గారు నన్ను మంచం దిగవద్దన్నారు. అప్పటికి కొన్ని వారాలుగా మెట్లు ఎక్కుతుంటే తొడలు సహకరించడం లేదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. పడుకున్నాక గుండె ఒక్కసారి లయ తప్పి, మళ్లీ అందుకున్నట్టుండేది. బరువు తగ్గడానికి నెలల తరబడి రోజూ ఒక డిటాక్స్ టీ, అంటే ఒంటిని శుద్ధి చేస్తుందని అమ్మే టీ, తాగుతున్నాను. ఇదంతా ఒంట్లోని విషాలు బయటికి పోతున్న లక్షణమని ఆ టీ అమ్మినవారు చెప్పారు. నీరసం ఎంత ఎక్కువగా ఉంటే శుద్ధి అంత బాగా జరుగుతున్నట్టట! ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రమాద సూచనను శుభసూచనగా చెబితే జబ్బు మనిషి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళతాడు?

"ఏమేం వాడుతున్నారో అన్నీ తెప్పించండి" అన్నారు డాక్టరు గారు. మందులేవీ వాడడం లేదన్నాను. "మందులే కానక్కర్లేదు. పొడులు, టీలు, చుక్కలు, ఏవైనా సరే." అక్క వెళ్లి టీ డబ్బా తెచ్చింది. ముందువైపు అట్ట నిండా ఆకుల బొమ్మలు. వెనక, చదవడానికి కళ్లు చికిలించాల్సినంత చిన్న అక్షరాల్లో, జాబితా మధ్యలో సునాముఖి. డాక్టరు గారి వేలు అక్కడ ఆగింది. అది విరేచనకారి, మలబద్ధకానికి కొద్ది రోజులు వాడే మందు. నెలల తరబడి రోజూ తాగితే నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది.

పొటాషియంను సెలైన్‌లో కలిపి ఎక్కించారు. మణికట్టు నుంచి మోచేతి దాకా నరం వెంట మంట పాకేది. త్వరగా ముగించమని అడిగితే నర్సమ్మ ఒప్పుకోలేదు. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి చుక్కలు లెక్క ప్రకారమే పడాలి. మెగ్నీషియం కూడా ఇచ్చారు. అది తక్కువగా ఉంటే ఎంత పొటాషియం ఇచ్చినా మూత్రంలో పోతూనే ఉంటుంది.

బరువు సంగతి డాక్టరు గారు ఓపికగా విడమరచి చెప్పారు. మనం తిన్నదాంట్లోని కొవ్వు, పిండిపదార్థాలు, మాంసకృత్తులు చాలావరకు చిన్న పేగులోనే రక్తంలో కలుస్తాయి. సునాముఖి పనిచేసేది ఆ తర్వాత వచ్చే పెద్ద పేగు మీద. అప్పటికే తిన్నది ఒంటికి పట్టేసి ఉంటుంది. తూకంలో తగ్గినట్టు కనిపించేదంతా నీరే. కొవ్వు నిజంగా కరిగితే ఎక్కువ భాగం ఊపిరి ద్వారా పోతుంది. 10 కిలోల కొవ్వులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా, మిగిలినది నీరుగా బయటికి పోతుందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క కట్టి చూపించారు. ఇక విషాల మాటకొస్తే, అమ్మోనియాను యూరియాగా మార్చే పని కాలేయం చేస్తూనే ఉంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడుతున్నాయి. ఈ టీ ఏ విషాన్ని తీసేస్తుందో, దాని పేరేమిటో డబ్బా మీద ఎక్కడా లేదు.

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలైంది. నేను ఇది రాస్తున్నదే ఆ సంగతి చెప్పడానికి. టీ మానేసిన కొద్ది రోజులకే పాదాలు ఉబ్బాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. ఉంగరం వేలి నుంచి రాలేదు. కడుపు బిగుసుకుపోయింది, విరేచనం సాఫీగా కాలేదు. తూకం చూస్తే టీ మొదలుపెట్టక ముందుకన్నా ఎక్కువ బరువు! ఆ అంకె చూసిన క్షణంలో ఎవరికైనా చేయి డబ్బా వైపే వెళుతుంది. ఆ టీయే తమను సన్నగా ఉంచిందని నమ్ముతారు, మళ్లీ తాగుతారు, పొటాషియం మళ్లీ పడిపోతుంది.

ఇలా జరుగుతుందని డాక్టరు గారు ముందే చెప్పి పంపడం నన్ను కాపాడింది. రోజూ నీరు పోతుంటే శరీరం ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును పెంచి, ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. విరేచనాలు ఆగినా ఆ హార్మోను వెంటనే తగ్గదు. అందుకే వాపు. నీరు లాగే మాత్రలు ఇమ్మని అడిగాను. వాటితో పొటాషియం మళ్లీ తగ్గుతుందని ఇవ్వలేదు. ఉప్పు తగ్గించమన్నారు, కాళ్లు ఎత్తు మీద పెట్టుకోమన్నారు, పీచు పెంచమన్నారు, తూకం యంత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టమన్నారు. వాపు మెల్లగా దిగింది. తొడల్లో బలం రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

ఈ మధ్య మా పిన్ని కూతురు ఫోను చేసింది. ఇలాంటిదే ఏదో పొడి మానేస్తే కాళ్లు వాచాయట, మళ్లీ మొదలుపెట్టనా అని అడిగింది. ఆ డబ్బా పట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. గుండె, మూత్రపిండాలు బాగున్నాయో లేదో కూడా చూశారు, ఎందుకంటే వాపుకు వేరే కారణాలూ ఉండవచ్చు. అవి బాగానే ఉన్నాయి. పొటాషియం మాత్రం 3.1 వచ్చింది. మాత్రలతో సరిపోయింది, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు.