ఫ్లాపీ సార్, పద్నాలుగు 486లు, నేను కాల్చిన చిప్

మన కాలేజీ బ్యాచ్ కలయిక సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. ఈసారి చేసింది మన రోల్ నంబరు ఇరవై రెండు వాడు కాబట్టి తప్పించుకోలేకపోయాను. ఫస్టియర్ నుంచి మొదలుపెట్టమన్నాడు. ఫస్టియర్లో నాకు గుర్తున్నది మెస్ సాంబారు, భద్రకాళి చెరువు గట్టు, అంతే. సెకండియర్ అసలు జరిగిందా అని అనుమానం. గుర్తున్నదల్లా 2002, పాత ల్యాబు, ఫ్లాపీ సార్.

మన 486ల, అంటే ల్యాబులోని పాత కంప్యూటర్ల, హార్డ్ డిస్కులు ఒక్కొక్కటే చచ్చిపోయి, తుక్కు కింద వేసేద్దామన్న మాట వచ్చినప్పుడు సార్ ఒప్పుకోలేదు. "డిస్కు లేకుంటే ఏమాయె, వైరున్నది గదా" అన్నారు. అంటే మిషన్ తన డిస్కు బదులు నెట్‌వర్క్ వైరు మీదుగా సర్వర్ నుంచి లేస్తుందన్నమాట. మూలనున్న పెంటియం త్రీలో లినక్స్ ఎక్కించి సర్వర్ చేసి, చౌరస్తా నెట్ సెంటర్‌కి వెళ్లి రోమ్-ఓ-మాటిక్ అనే వెబ్‌సైట్‌లో మన ఎన్‌ఈ 2000 నెట్‌వర్క్ కార్డుకి సరిపడే ఈథర్‌బూట్, అంటే మిషన్‌ని వైరు మీదుగా లేపే ప్రోగ్రాం, ఫ్లాపీలో తెచ్చారు. పేరు అప్పుడే పడింది కదా! ఫ్లాపీ పెట్టి ఎన్ నొక్కితే తెర మీద చుక్కలు వరసగా పడేవి. సర్వర్ దొరక్కపోతే 'స్లీప్' అని వచ్చేది. అది చూడగానే మేం బావ అని పిలిచేవాడు కూడా బల్ల మీద తల వాల్చేసేవాడు.

డీహెచ్‌సీపీ గురించి, అంటే మిషన్‌కి నెట్‌వర్క్ చిరునామా ఇచ్చే పద్ధతి గురించి, సార్ చెప్పినట్టు మళ్లీ ఎవరూ చెప్పలేదు. మిషన్ లేవగానే హాస్టల్ వరండాలో నిలబడి కేకేస్తుందట: "నా రోల్ నంబరిది, నా రూమేది, మెస్ ఎక్కడ?" వార్డెన్ రూమ్ నంబరిచ్చి, మెస్ దారి చూపిస్తాడు. టీఎఫ్‌టీపీ, అంటే సర్వర్ నుంచి ఫైలు తెచ్చే పద్ధతి, వడ్డించే పిలగాడు. ప్లేటుకి 512 బైట్లు. "అందిందా?" అని అడిగి, అందిందంటేనే ఇంకో ప్లేటు. ఒక మెగాబైట్ కర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ఫైలుకి, 2048 ప్లేట్లు. "ఇంకెట్ల తొందరయితది బిడ్డా" అనేవారు. అంతలో ఎవడో కాలితో కేబుల్ చివర బిగించే టెర్మినేటర్ ఊడదీసేవాడు, లైనంతా పడిపోయేది. ఎవడో నాకు తెలుసు, రాయను.

దుమ్ముకి ఫ్లాపీలు పాడవుతుంటే సార్ చిప్పుల మీద పడ్డారు. కార్డు మీద ఖాళీ సాకెట్ ఉంది కదా, అందులో బూట్ రోమ్, అంటే ఈథర్‌బూట్ రాసిన చిప్, పెడితే ఫ్లాపీతో పనే లేదు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో 32 కేబీ ఈప్రామ్‌లు, అంటే చెరిపి మళ్లీ రాసుకునే చిప్పులు, రాయించి, చిప్ నడుమనున్న గాజు కిటికీ మీద వెలుతురు పడకుండా స్టిక్కర్లు అంటించి, నాకు నాలుగిచ్చారు. నేను మూడు సరిగ్గానే పెట్టాను. నాలుగోదాన్ని, ఏ వైపు పెట్టాలో చెప్పే గాటు చూడకుండా, తిప్పి పెట్టి స్విచ్ వేశాను. మానిటర్ నల్లగానే ఉండిపోయింది. చిప్ మీద వేలు పెడితే చురుక్కుమంది, బొబ్బ లేచింది. తర్వాత వాసన. సార్ వచ్చి చూశారు. నాకైతే చెమటలు పట్టాయి. ఆయన స్టిక్కర్ పీకి, చిప్ నా అరచేతిలో పెట్టి, "గాటు ఎటున్నది? ఒకటో కాలు ఏది?" అని అడిగారు. నేను చెప్పలేదు. "పెట్టేముందు చూడాలె" అని వెళ్లిపోయారు. ఒక్క మాట తిట్టలేదు, అదే ఎక్కువ మండింది.

మిగతా పదమూడు మిషన్లూ లేచాయి. పరీక్షకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు కూడా.

ఇప్పుడు నేను చూసే సర్వర్లు వందల్లో ఉంటాయి. కొత్త ర్యాక్ వస్తే ఎవరూ సీడీ పట్టుకుని తిరగరు, ఐపీఎక్స్‌ఈ అనే ప్రోగ్రాం వైరు మీదుగా వాటిని లేపుతుంది. అదీ ఈథర్‌బూట్ వంశమే. ప్లేట్లు పోయాయి, వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీతో బస్తాలకు బస్తాలే. టీమ్‌లో చేరిన పిల్లలకు నేను హాస్టల్ కథే చెప్తాను. మొన్న ఒకమ్మాయి "ఇంత బాగా ఎవరు నేర్పారు సార్?" అంది. కాజీపేట వైపు ఒక ఫ్లాపీ అన్నాను. అర్థం కాలేదు పాపం.

కమిటీ అప్పటి ఫొటో పంపమంటోంది. నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ నాలుగో చిప్ మాత్రం ఉంది, కలయికకి తెస్తాను. సార్ వస్తే గాటు ఎటుందో చూపిస్తాను.