హన్మకొండలో మా ఇంటి టార్ బ్రిడ్జ్: మూడో నెల

టార్ అంటే ఎవరు ఏ సైటు చూస్తున్నారో తెలియకుండా కొన్ని మెట్ల మీదుగా ఇంటర్నెట్ చూపించే ఉచిత నెట్‌వర్క్. దాన్ని అడ్డుకునే దేశాలవాళ్లు లోపలికి రావడానికి వాడే, బయటి జాబితాలో లేని మొదటి మెట్టే బ్రిడ్జ్. జూన్‌లో మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), ఇంటి ఫైబర్ లైను. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన అడ్రస్) 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 మధ్య ఉందంటే సీజీనాట్ (ఒకే బయటి ఐపీని కంపెనీ చాలా ఇళ్లకు పంచడం) వెనక ఉన్నట్టే. రౌటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వర్డ్ చేసినా (లోపలికి దారి తెరిచినా) బయటివాళ్లు లోపలికి రాలేరు. అందుకే మొదటి నెల స్నోఫ్లేక్ అనే, టార్‌కు దారి చూపే తేలిక ప్రోగ్రాం నడిపాను. అది వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీ మీద నడుస్తుంది, పోర్ట్ తెరవక్కర్లేదు. డాకర్‌లో (ప్రోగ్రాంలను రెడీమేడ్ ప్యాకెట్లలా నడిపే సాధనం) పది నిమిషాల పని. స్టాటిక్ ఐపీ (మారని, మన ఒక్కరికే ఉండే అడ్రస్) లేనివాళ్లు ఇక్కడే ఆగినా మేలే.

జులైలో నెలనెలా కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుని, టార్ ట్రాఫిక్‌ను గుర్తుపట్టకుండా మార్చే ఓబీఎఫ్ఎస్4 రకం బ్రిడ్జ్‌కు మారాను. 2024లో వచ్చిన ఇంకో రకం వెబ్‌టన్నెల్, మామూలు వెబ్‌సైట్ (హెచ్‌టీటీపీఎస్) ట్రాఫిక్‌లా కనిపిస్తుంది, కానీ దానికి డొమైన్, సర్టిఫికెట్, ఒక వెబ్‌సైట్ కావాలి. అది తర్వాత చూస్తాను. అద్దె సర్వర్ వద్దనుకోవడానికి కారణం ఉంది. తుర్క్‌మెనిస్తాన్ లాంటి చోట్ల డేటాసెంటర్ ఐపీలను గంపగుత్తగా ఆపేస్తారు. ఇళ్ల ఐపీలను అంత సులువుగా ఆపలేరు.

సెట్టింగుల్లో ఓఆర్ పోర్ట్‌కు (టార్ తన కనెక్షన్లు తీసుకునే పోర్ట్) 9001 పెట్టకండి. అది టార్‌దని సెన్సార్లకు తెలుసు, వెతుక్కుంటూ వస్తారు. ఓబీఎఫ్ఎస్4ను మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్ట్ మీద పెడితే పర్మిషన్ లేదని ఆగిపోయింది. సెట్‌క్యాప్ కమాండ్‌తో ఆ పోర్ట్ వాడే అనుమతి ఇచ్చి, సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) రెండు టార్ సర్వీసులకూ, కొత్త అనుమతులను అడ్డుకునే నోన్యూప్రివిలేజెస్‌ను 'నో' చేశాకే లేచింది. కొత్త బ్రిడ్జ్‌కు కొన్ని రోజులు ఎవరూ రాకపోయినా కంగారు పడొద్దు.

"రాత్రంతా గది మిణుకుమంటాంది, ఏందిరా?" అని బాపు అడిగిండు. ఇరాన్‌లో, రష్యాలో వార్తలు చదవనివ్వకుండా అడ్డుకుంటుంటే వాళ్లకిది దొడ్డిదారి అని చెప్పిన. "ఎవలో చేసిన పనికి మనింటికి పోలీసులొస్తే?" అన్నడు. మనది మొదటి మెట్టే బాపూ, వాళ్లు చూసే సైటుకు కనిపించేది చివరి మెట్టు ఐపీ, మనది కాదు అన్న. ఆ రోజు నుంచి కరెంటు పోతే ముందు ఆయనే వచ్చి చెప్తుండు.

ఆగస్టులో వాన పడిన రాత్రి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది, ఎస్‌డీ కార్డు పాడైంది. మళ్లీ వేసుకోవడం గంట పని. కానీ కీస్ (బ్రిడ్జ్ గుర్తింపుకు ఆధారమైన రహస్య ఫైళ్లు) పోయాయి. కీస్ మారితే ఫింగర్‌ప్రింట్ (బ్రిడ్జ్ గుర్తింపు కోడ్) మారుతుంది, ఫింగర్‌ప్రింట్ మారితే అంతకుముందు మా బ్రిడ్జ్ లైన్ (ఐపీ, ఫింగర్‌ప్రింట్ ఉండే కనెక్షన్ వివరం) రాసుకున్నవాళ్లకు అది ఇక పనిచేయదు. ఎక్కడో ఎవరో దాన్ని ఒక స్నేహితుడి దగ్గర అడిగి తీసుకుని ఉంటారు. ఆ రోజు వాళ్ల ఫోన్‌లో కనెక్ట్ అవలేదు, ఎందుకో వాళ్లకు తెలియదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది. బ్రిడ్జ్ పెట్టేవాళ్లు మొదటిరోజే వార్ లిబ్ టార్ (/var/lib/tor) ఫోల్డర్‌లోని కీస్, పీటీ_స్టేట్ ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. నేనిప్పుడు ఎస్‌ఎస్‌డీకి మారాను, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాను, రాస్ప్‌బెర్రీ పైని ఇంటి ఇన్వర్టర్ లైను మీదకు మార్చాను.

ఈ వారం, ఏ దేశం నుంచి ఎన్ని ఐపీలు వచ్చాయో రాసే బ్రిడ్జ్-స్టాట్స్ ఫైల్‌లో ఇరాన్ 16, రష్యా 8. ఎవరినీ గుర్తుపట్టకుండా టార్ ఈ లెక్కను పైనున్న ఎనిమిది గుణిజానికి సవరించి చూపిస్తుంది, కాబట్టి ఆ 8 ఒక్కరే కావచ్చు. వచ్చే ఆదివారం మెయిన్ ఆపేసి, మినీ యూపీఎస్ ఎన్ని గంటలు లాగుతుందో చూడాలి.