బ్యాగు కాపలా

టోక్యోలో నాలుగో రోజు. మొదటి మూడు రోజులూ అసాకుసా గుడి, షిబుయా క్రాసింగు అంటూ కాళ్ళు పీకేదాకా తిరిగాను. ఇవాళ ప్లానేమీ పెట్టుకోలేదు. ఎనిమిదింటికి తాపీగా లేచి, సందు చివర కొట్లో ఒక ఒనిగిరి కొనుక్కున్నాను. అన్నం ముద్ద చుట్టూ సముద్రపు నాచు, లోపల ఉప్పులో ఊరేసిన పుల్లటి ఉమే పండు. నాలాంటి శాకాహారికి ఇక్కడ ధైర్యంగా తినగలిగేవి తక్కువ, దేంట్లో చూసినా చేపల రసం తగులుతుంది. కళ్ళు మూసుకుంటే నిమ్మకాయ ఊరగాయ కలుపుకున్న అన్నం లాగే ఉంది. తిన్నాక కవరు ఎక్కడ పడేయాలో తెలియక కోటు జేబులో కుక్కుకున్నాను. 1995లో సబ్‌వే రైళ్ళలో విషవాయువు దాడి జరిగాక వీధుల్లో చెత్తబుట్టలు చాలావరకు తీసేశారు. అయినా రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు. అందరి జేబులూ నా జేబు లాగే ఉంటాయి కాబోలు.

మధ్యాహ్నం ఉయెనో పార్కు దగ్గర ఒక కాఫీ షాపులో కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గరికి ఒకావిడ వచ్చి, హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి, ఫోను టేబుల్ మీద పెట్టి, ఆర్డరివ్వడానికి కిందికి వెళ్ళిపోయింది. మెట్లు దిగి, కింది అంతస్తుకి! ఇంక నాకు కాఫీ దిగితే ఒట్టు. ఆ బ్యాగు వైపు ఒక కన్ను, మెట్ల వైపు ఒక కన్ను. ఎవరైనా అటుగా నడిస్తే వాళ్ళని ఎగాదిగా చూడటం. పది నిమిషాలకి ఆవిడ ట్రేతో వచ్చి, బ్యాగు వంకైనా చూడకుండా కేకు తినడం మొదలుపెట్టింది. మొత్తం షాపులో అనుమానంగా ప్రవర్తించిన మనిషిని నేనొక్కదాన్నే.

అలాగని ఇది స్వర్గమేమీ కాదు. రద్దీ వేళల్లో రైళ్ళలో ఆడవాళ్ళకి విడిగా పెట్టెలున్నాయి, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తులు కూడా వేశారు. ఊరికే వేయరుగా. యమనోతె లైను రైల్లో ఏడేళ్ళుండే పాప ఒక్కతే ఎక్కింది, వీపు నిండా తోలు బ్యాగు. వాళ్ళమ్మ కోసం పెట్టెంతా వెతికాను, ఎవరూ లేరు. కానీ ఆ బ్యాగు పట్టీకి చిన్న బజరు వేలాడుతోంది. ఏదైనా అయితే లాగితే చాలు, గోల చేస్తుంది. పిల్లని ఒంటరిగా పంపిస్తారు, బజరిచ్చి మరీ పంపిస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

నిప్పొరిలో దిగి యనకా సందుల్లో తిరుగుతుంటే అమ్మ వీడియో కాల్. నవంబరు కదా, ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అమ్మ అప్పుడే అన్నం తిని కూర్చుంది.

"అదేంటే, చీకటి పడిపోయిందా? రూముకి పో ఇంక."

"అమ్మా, నాలుగున్నరే అయింది."

"ఎంతైతేనేం, చీకటి చీకటే."

రూముకి పోలేదు. రాత్రి పదింటికి నడిచి వస్తుంటే వెనక అడుగుల చప్పుడు. ఆలోచించేలోపే పక్కకి తప్పుకున్నాను, రూము తాళంచెవి పిడికిట్లోకి వచ్చేసింది. హైదరాబాదులో ఆఫీసు క్యాబు దిగిన రాత్రుల అలవాటు. ఒక ముసలాయన జాగింగ్ చేసుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయాడు.

మలుపులో వెండింగ్ మెషీన్ ఉంటే ఎర్ర లేబుల్ చూసి వేడి కాఫీ డబ్బా తీసుకున్నాను. చేతులకి వెచ్చగా ఉంది. ఎదురుగా రెండు ఉయ్యాలలున్న బుల్లి పార్కు, అందులో ఒక బెంచీ. కూర్చుండిపోయాను. అరగంటకి అమ్మ మెసేజ్. లొకేషన్ షేర్ చేసి ఉంచానుగా.

"చుక్క కదలట్లేదు. ఏమైంది?"

"ఏం కాలేదు. పార్కులో కూర్చున్నా."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

కాసేపు టైపింగ్ అని చూపిస్తూనే ఉంది. చివరికి, "సరే. బ్యాగు జాగ్రత్త."

అప్పుడు చూసుకున్నాను. బ్యాగు బెంచీకి అవతలి చివర ఉంది. పట్టీ కూడా చేతికి చుట్టుకోలేదు.

"ఒళ్ళోనే ఉంది" అని పంపేసి, లేచి వెళ్ళి తెచ్చుకున్నాను.