ఫిన్నిష్ అంటే భాషా, దేశమా?

కంప్యూటర్లను నడిపే లినక్స్ వ్యవస్థ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్‌ను ఇంగ్లీషు పత్రికలు తరచుగా ఫిన్నిష్ ఇంజనీరు అని పరిచయం చేస్తుంటాయి. ఆయన 1969లో హెల్సింకీలో పుట్టారు కాబట్టి ఆ మాటలో తప్పు లేదు. కానీ అది చదివి ఆయన మాతృభాష ఫిన్నిష్ అనుకుంటే మాత్రం పొరబడినట్టే, ఎందుకంటే ఆయనది స్వీడిష్ మాట్లాడే కుటుంబం. ఫిన్లాండ్ దేశానికి సంబంధించినది అనే అర్థాన్నీ, ఆ దేశంలో అత్యధికులు మాట్లాడే భాష అనే అర్థాన్నీ ఇంగ్లీషు ఒకే మాటలో ఇమిడ్చింది. సందర్భాన్ని బట్టి పాఠకుడే విడదీసుకోవాలి.

ఈ తేడా అక్కడి వారికి చిన్న విషయం కాదు. 1809 వరకు ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. ఆ తరువాత 1917లో స్వాతంత్ర్యం ప్రకటించుకునేదాకా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. రష్యా పాలనలో కూడా పరిపాలన, ఉన్నత విద్య చాలాకాలం స్వీడిష్‌లోనే సాగాయి. ఫిన్నిష్‌ను ప్రభుత్వ వ్యవహారాల్లోకి తెచ్చే ఉత్తర్వు 1863లో గాని వెలువడలేదు. నేడు స్వీడిష్ మాతృభాషగా ఉన్నవారు నూటికి ఐదుగురే అయినా రాజ్యాంగం రెండింటినీ జాతీయ భాషలుగా గుర్తించింది, ఆ దేశానికే చెందిన ఓలాండ్ ద్వీపాల్లోనైతే స్వీడిష్ ఒక్కటే అధికార భాష. అందుకే స్వీడిష్ భాషలో దేశపౌరుణ్ణి ఫిన్‌లెండరే అనీ, ఫిన్నిష్ మాతృభాషగా గలవాణ్ణి ఫిన్నే అనీ వేరువేరుగా పిలుస్తారు. ఇంగ్లీషులోనూ ఫిన్లాండర్ అనే మాట ఉంది గాని వాడేవారు అరుదు.

మనుషుల్ని చెప్పేటప్పుడు ఇంకొక చిక్కు. జపనీస్, చైనీస్ అనే మాటలు దేశానికీ, భాషకూ, మనిషికీ సరిపోతాయి కనుక, మనం ఫిన్నిష్‌ను కూడా అలాగే మనిషికి నామవాచకంగా వాడేస్తాం. ఇంగ్లీషులో అది విశేషణం, భాష పేరు మాత్రమే. ఒక వ్యక్తిని ఫిన్ అనాలి. స్వీడిష్‌కు స్వీడ్, డేనిష్‌కు డేన్, పోలిష్‌కు పోల్ అన్నవి ఇదే వరుసలోనివి. ఫిన్నిక్ అనేది వేరే మాట: ఎస్టోనియన్ వంటి దగ్గరి భాషలను కూడా కలుపుకున్న శాఖకు భాషాశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అది.

ఉచ్చారణలో ఇంగ్లీషువారికి ఈ మాటకూ, ముగించడమనే అర్థంలోని ఫినిష్‌కూ తేడా లేదు. రాతలో పెద్ద అక్షరమూ, రెండో ఎన్ అక్షరమూ చూసి గుర్తుపట్టాలి. మన లిపిలో పెద్ద అక్షరాలు లేకపోయినా ద్విత్వం ఆ పని చేసిపెడుతుంది. ఫిన్నిష్ భాష కూడా ద్విత్వాన్ని మనంత పట్టింపుగానే చూస్తుంది: మనకు గద వేరు, గద్ద వేరు అయినట్టే వారికి తులి అంటే నిప్పు, తుల్లి అంటే సుంకం.

తెలుగులో రాసేటప్పుడు మనకు ఇంగ్లీషు ఇరుకులో నిలబడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఫిన్నిష్ ప్రధాని, ఫిన్నిష్ విద్యావిధానం అని వార్తల్లో రాయడం కంటే ఫిన్లాండ్ ప్రధాని, ఫిన్లాండ్ విద్యావిధానం అని రాసి, ఫిన్నిష్‌ను భాషకు మాత్రమే ఉంచుకుంటే టోర్వాల్డ్స్ గురించి కూడా ఒక్క వాక్యంలో స్పష్టంగా చెప్పవచ్చు: ఆయన స్వీడిష్ మాతృభాషగా గల ఫిన్లాండ్ ఇంజనీరు.